ప్రభుత్వ కార్యాలయం – తపాలు నిర్వహణ

పరిపాలన అనే మాట వినగానే శాసనసభ, మంత్రిమండలి, న్యాయస్థానం మన మనస్సులో మెదలుతాయి. కాని సామాన్య పౌరునికి ప్రభుత్వం ఎదురుపడేది వాటిలో కాదు. అతడు ప్రభుత్వానికి తన కష్టం చెప్పుకొనేది ఒక అర్జీ ద్వారా. ప్రభుత్వం అతనికి తన నిర్ణయం తెలిపేది ఒక ఉత్తరం ద్వారా. ఈ రెండు కాగితాలలో ఏది దారి తప్పినా, ఎంత మంచి చట్టమైనా అతని గడప చేరదు. కార్యాలయానికి వచ్చే కాగితాన్నీ, కార్యాలయం నుంచి వెళ్ళే కాగితాన్నీ ఒక క్రమంలో నడిపించే విధానానికే తపాలు నిర్వహణ అని పేరు.

పైకి ఇది కేవలం గుమాస్తా పనిగా కనిపిస్తుంది. ముద్ర వేయడం, అంకె వేయడం, పుస్తకంలో వ్రాయడం, కవరు అంటించడం ఇందులోని పనులు. అయితే పౌరుని హక్కుకు తొలి సాక్ష్యం ఏర్పడేది ఈ చిన్న పనులలోనే. ఆ సంగతిని ఈ పాఠం వివరిస్తుంది.

పూర్వరంగం

వ్రాతకోతల మీద ఆధారపడిన పాలన మన దేశానికి కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అక్షపటలం అనే కార్యాలయ ప్రస్తావన ఉన్నది. రాజ్యానికి సంబంధించిన లెక్కలు, లేఖలు, కట్టుబాట్లు అక్కడ నమోదై భద్రంగా ఉండాలని ఆ గ్రంథం నిర్దేశించింది. రాజశాసనాలను వ్రాసే విధానాన్నీ, లేఖకునికి ఉండవలసిన యోగ్యతలనూ వివరించడానికి కౌటిల్యుడు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. విజయనగర ప్రభువుల కాలంలో రాజాజ్ఞలకు లిఖితరూపం ఇచ్చే ఉద్యోగులను రాయసంవారని వ్యవహరించారు. ఆ ఉద్యోగనామం తెలుగునాట ఇంటిపేరుగా నేటికీ నిలిచి ఉన్నది.

ఆంగ్లేయుల పాలనలో కాగితాల సంఖ్య విపరీతంగా పెరిగింది. మద్రాసు రాజధానిలోని జిల్లా కార్యాలయాలలో వాటిని అదుపులో ఉంచడానికి ఒక పద్ధతి ఏర్పడింది. దానిని రూపొందించిన అధికారి పేర అది టాటెన్‌హామ్ పద్ధతిగా ప్రసిద్ధమైంది. ప్రతి కాగితానికీ ఒక సంఖ్య, ప్రతి సంఖ్యకూ ఒక బాధ్యుడు, ప్రతి బాధ్యునికీ ఒక పుస్తకం ఉండాలన్నది దాని సారాంశం. జిల్లా కార్యాలయ నియమావళిలో చేరిన ఈ పద్ధతి తెలుగు జిల్లాల రెవెన్యూ కార్యాలయాలలో దీర్ఘకాలం అమలులో ఉన్నది. కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా దాని సూత్రం మారలేదు.

ఒక రైతు అర్జీ

తపాలు నిర్వహణలోని దశలను తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక గ్రామంలో రహదారి కోసం ప్రభుత్వం కొంత భూమిని సేకరించదలచి ప్రాథమిక ప్రకటన వెలువరించిందనుకొందాం. ఒక రైతుకు ఉన్న రెండెకరాల మాగాణి అందులోకి వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రకటన ప్రచురితమైన నాటి నుంచి 60 రోజుల లోపల అతడు తన అభ్యంతరాన్ని తెలుపవచ్చు. ఆ అభ్యంతరం కలెక్టరుకు వ్రాతపూర్వకంగా చేరాలి. కలెక్టరు అతనికి తన మాట వినిపించుకొనే అవకాశం ఇవ్వాలి.

రైతు ఎవరిచేతనో అర్జీ వ్రాయించుకొన్నాడు. భూమి కాగితాల నకళ్ళు జతచేశాడు. తపాలా కార్యాలయానికి వెళ్ళి దానిని పంపించాడు. 58వ రోజున ఆ కవరు కలెక్టరు కార్యాలయానికి చేరింది. అతని రెండెకరాల భవితవ్యంలో కొంత భాగం ఇప్పుడు తపాలు గుమాస్తా చేతిలో ఉన్నది.

రాక

కార్యాలయానికి కాగితాలు అనేక మార్గాలలో వస్తాయి. పోస్ట్‌మాన్ తెచ్చే కవర్లు కొన్ని. ఇతర కార్యాలయాల అటెండర్లు తపాలు పుస్తకంలో సంతకం చేయించుకొని ఇచ్చేవి కొన్ని. ప్రజలు స్వయంగా వచ్చి ఇచ్చే అర్జీలు కొన్ని. ఈమెయిలు ద్వారానూ, ప్రజావిజ్ఞప్తుల దినాలలోనూ అందేవి మరికొన్ని. ఏ మార్గంలో వచ్చినా వాటన్నింటినీ ఒకే చోట స్వీకరించడం మొదటి నియమం. ఒక అర్జీ అధికారి బల్ల మీదికీ, మరొకటి గుమాస్తా సొరుగులోకీ నేరుగా వెళ్ళిపోతే, ఏది వచ్చిందో ఏది రాలేదో చెప్పగలవారు ఉండరు.

కవరును తెరచేముందు దానిమీది చిరునామా చూడాలి. వేరొక కార్యాలయానికి వెళ్ళవలసినది పొరపాటున వస్తే వెంటనే అక్కడికి పంపాలి. రహస్యమని వ్రాసి ఉన్న కవర్లను, అధికారి పేరిట వ్యక్తిగతంగా వచ్చిన కవర్లను గుమాస్తా తెరవరాదు. వాటిని ఉన్నవి ఉన్నట్లుగా సంబంధిత అధికారికి అందజేయాలి. టెండర్ల కవర్లు సీలు చెదరకుండా ఉండాలి. అవి అందిన తేదీని, వేళను కవరు పైభాగంలోనే వ్రాయాలి.

మిగిలిన కవర్లను తెరచినప్పుడు జతపరచిన పత్రాలు సరిపోయాయో లేదో లెక్క చూడాలి. నాలుగు నకళ్ళు జతపరిచినట్లు అర్జీలో ఉండి, కవరులో మూడే కనిపిస్తే ఆ సంగతిని అప్పుడే అర్జీ అంచున వ్రాయాలి. అలా వ్రాయకపోతే పోయిన నకలు అర్జీదారు పంపనిదో, కార్యాలయం పోగొట్టినదో తరువాత తేలదు. చెక్కులు, బ్యాంకు డ్రాఫ్టులు వంటి విలువైన వాటిని ప్రత్యేకమైన పుస్తకంలో ఎక్కించాలి. కొన్ని సందర్భాలలో కవరును కూడా పారవేయరాదు. దానిమీది తపాలా ముద్రలు ఆ ఉత్తరం ఎప్పుడు బయలుదేరిందో, ఎప్పుడు చేరిందో తెలుపుతాయి. గడువుతో ముడిపడిన కాగితానికి కవరును జతచేసి ఉంచడం వివేకం.

తేదీ ముద్ర

తరువాతి పని తేదీ ముద్ర వేయడం. కార్యాలయం పేరు, తేదీ ఉన్న ఈ ముద్ర ప్రతి కాగితం మీదా పడాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న ఉదయిస్తుంది. వేయవలసినది కవరు చేరిన తేదీయా, తెరచిన తేదీయా?

పైన చెప్పిన రైతు కవరు 58వ రోజున వచ్చింది. ఆనాడు తపాలు గుమాస్తా సెలవులో ఉన్నాడు. మరునాడు మరొక పని పడింది. కవర్లు బుట్టలోనే ఉండిపోయాయి. నాలుగవనాడు వాటిని తెరచి, ఆనాటి ముద్రనే అన్నింటిమీదా కొట్టారనుకొందాం. అప్పుడు కాగితం మీద కనిపించేది 61వ రోజు. రైతు గడువులోనే పంపాడు, అది గడువులోనే చేరింది. అయినా రికార్డు మాత్రం గడువు దాటిందని చెబుతుంది. ఫైలు చూసే అధికారికి రైతు ముఖం కనిపించదు, ముద్ర ఒక్కటే కనిపిస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇటువంటి సందర్భానికే తగి ఉంటుంది.

అందువల్ల ఏనాటి తపాలును ఆనాడే తెరచి, ఆనాటి ముద్ర వేయాలి. తపాలు గుమాస్తా సెలవులో ఉంటే ఆ పని చేసే మరొక ఉద్యోగిని ముందే నియమించాలి. అనివార్యంగా ఆలస్యమైతే చేరిన తేదీని కవరును బట్టి నిర్ధారించి వ్రాయాలి.

చట్టం కూడా ఈ విషయంలో పౌరుని పక్షాన కొంత వెసులుబాటు చూపింది. గడువులోని చివరి రోజున కార్యాలయం మూసి ఉంటే, తిరిగి తెరచిన రోజున చేసిన పని గడువులో చేసినట్లే పరిగణించాలని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టంలోని 10వ సెక్షన్ చెబుతుంది. ఈ నియమం సార్థకం కావాలన్నా కాగితం మీద సరైన తేదీ ఉండక తప్పదు.

అర్జీని స్వయంగా ఇచ్చేవారికి రసీదు ఇవ్వాలి. అర్జీ రెండవ ప్రతిపై తేదీ ముద్ర, సంతకం వేసి ఇవ్వడం కూడా వాడుకలో ఉన్నది. ఆ ప్రతి పౌరుని వద్ద ఉండే సాక్ష్యం. అర్జీ అందలేదని ఎవరైనా అన్ననాడు అతడు చూపగలిగినది అదే.

నడక

ముద్ర పడిన కాగితాలను అధికారి చూస్తాడు. చూసినట్లు పొడి సంతకం చేస్తాడు. అత్యవసరమైన వాటిమీద ఆ మాట వ్రాస్తాడు. ఆ తరువాత అవి పంపిణీ రిజిస్టరులోకి ఎక్కుతాయి. అక్కడ ప్రతి కాగితానికీ ఒక వరుస సంఖ్య వస్తుంది. ఈ సంఖ్యలు ప్రతి సంవత్సరం ఒకటితో మొదలవుతాయి. కార్యాలయంలోని ఏ విభాగానికి ఆ కాగితం చెందుతుందో సూచించే అక్షరమూ, సంవత్సరమూ ఆ సంఖ్యకు చేరుతాయి. రైతు అర్జీ 'జి' విభాగానికి వెళ్ళి 417 అనే సంఖ్య పొందిందనుకొందాం. అప్పటి నుంచి ఆ ఆక్షేపణకు సంబంధించిన ప్రతి కాగితం మీదా 'జి. 417' అనే గుర్తు, సంవత్సరంతో సహా ఉంటుంది.

అన్ని కాగితాలకూ కొత్త సంఖ్య అవసరం లేదు. ఇదివరకే నడుస్తున్న వ్యవహారానికి సంబంధించిన ఉత్తరం వస్తే దానిని పాత ఫైలుకే చేర్చాలి. అలా కాక ప్రతిసారీ కొత్త సంఖ్య వేస్తే ఒకే వ్యవహారం మూడు ఫైళ్ళుగా చీలిపోతుంది. ఒక ఫైలులో ఉన్న సంగతి మరొక ఫైలు చూసేవారికి తెలియదు. ప్రజలు తమ ఉత్తరాలలో వెనుకటి సంఖ్యను, తేదీని ఉదహరించవలసినది ఇందుకే.

విభాగంలోని గుమాస్తా తనకు వచ్చిన కాగితాన్ని తన పర్సనల్ రిజిస్టరులో నమోదు చేసుకొంటాడు. అది ఎవరి నుంచి వచ్చింది, దాని విషయమేమి, దానిపై ఏ తేదీన ఏ చర్య జరిగింది, చివరకు ఏమైంది అనే వివరాలు అందులో ఉంటాయి. చిత్రగుప్తుని చిట్టాలో మానవుల పాపపుణ్యాలు నమోదైనట్లు, గుమాస్తా చేసిన పనీ, చేయని పనీ ఈ పుస్తకంలో కనిపిస్తాయి. దీనిని సూపరింటెండెంటు, ఆపై అధికారి నియమిత కాలంలో పరిశీలిస్తారు. చర్య జరగని కాగితాల పట్టిక తయారవుతుంది. ఇతర కార్యాలయం నుంచి జవాబు రావలసి ఉంటే జ్ఞాపికలు పంపవలసిన తేదీలను గుర్తించి ఉంచుతారు.

వ్యవహారం ముగిసిన తరువాత కూడా ఫైలుకు ఒక గమ్యం ఉన్నది. శాశ్వతంగా ఉంచవలసినవి, కొన్ని సంవత్సరాలు ఉంచవలసినవి, స్వల్పకాలం తరువాత తొలగించదగినవి అని ఫైళ్ళను విభజించి రికార్డు గదికి పంపుతారు. భూమి హక్కులకు సంబంధించిన ఫైలు మనుమల కాలంలో కూడా అవసరం కావచ్చు. సాధారణ ఆహ్వానపత్రానికి ఆ అవసరం లేదు.

పోక

కార్యాలయం నుంచి వెలుపలికి వెళ్ళే ఉత్తరానికి కూడా ఇంతటి జాగ్రత్తే కావాలి. గుమాస్తా ముసాయిదా వ్రాస్తాడు. అధికారి దానిని సవరించి ఆమోదిస్తాడు. శుద్ధప్రతి తయారవుతుంది. దానిని ముసాయిదాతో సరిపోల్చి చూసిన తరువాతనే సంతకానికి పెట్టాలి. ఉత్తరంలో ఫైలు సంఖ్య, తేదీ, విషయం, వెనుకటి ఉత్తరాల సూచిక, జతపరచిన పత్రాల వివరం తప్పనిసరిగా ఉండాలి. విషయం ఒక క్రమంలో సాగడం, మొదటి మాటకూ చివరి మాటకూ పొందిక ఉండడం, చెప్పవలసినది పూర్తిగా చెప్పడం, వినసొంపైన మాట వాడడం, గ్రామ్యం లేకపోవడం, అర్థం స్పష్టంగా ఉండడం మంచి లేఖకు గుణాలని కౌటిల్యుడు భావించాడు. ఆ గుణాలు నేటి కార్యాలయ లేఖకు కూడా వర్తిస్తాయి.

పంపే విభాగం ఆ ఉత్తరాన్ని డెస్పాచ్ రిజిస్టరులో ఎక్కిస్తుంది. సంతకం ఉన్నదా, తేదీ పడినదా, జతపత్రాలు అన్నీ ఉన్నాయా, చిరునామాలో ఇంటి సంఖ్య, గ్రామం, మండలం, పిన్‌కోడు సరిగా ఉన్నాయా అని చూసిన తరువాతనే కవరు అంటించాలి. ఒకే ఊళ్ళో ఉన్న కార్యాలయాలకు తపాలు పుస్తకం ద్వారా పంపి, పుచ్చుకొన్నవారి సంతకం, తేదీ తీసుకొంటారు. దూరప్రాంతాలకు తపాలా ద్వారా పంపుతారు. తపాలా ఖర్చుకు ప్రత్యేకమైన లెక్క ఉంటుంది. ముఖ్యమైన ఉత్తరాలను పూర్వం రిజిస్టర్డ్ పోస్టులో పంపేవారు. 2025లో భారత తపాలా శాఖ ఆ సేవను స్పీడ్ పోస్టులో విలీనం చేసింది. తపాలా రసీదును రిజిస్టరులోనో, ఫైలులోనో భద్రపరచాలి. పంపిన తేదీని కార్యాలయ ప్రతిపై వ్రాయాలి.

ఇప్పుడు మళ్ళీ రైతు వద్దకు వద్దాం. అతని అభ్యంతరాన్ని వినడానికి కలెక్టరు ఒక తేదీని నిర్ణయించాడు. నోటీసుపై సంతకం కూడా అయింది. ఆ నోటీసు పంపే విభాగంలో వారం రోజులు ఆగి, విచారణ ముగిసిన మరునాడు గ్రామానికి చేరితే ఫలితమేమిటి? ఫైలులో నోటీసు ప్రతి ఉంటుంది, దానిమీద సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది. రైతు హాజరు కాలేదని కూడా వ్రాసి ఉంటుంది. అతనికి చట్టం ఇచ్చిన అవకాశం మాత్రం కాగితం మీదనే మిగిలిపోతుంది. సంతకం చేసిన తేదీ వేరు, పంపిన తేదీ వేరు, అందిన తేదీ వేరు. ఈ మూడింటిని వేరువేరుగా నమోదు చేయడంలోని ప్రయోజనం ఇదే. చిరునామాదారు లేరని తిరిగివచ్చిన కవరును కూడా పక్కన పడవేయక సంబంధిత ఫైలులో పెట్టి, మరొక విధంగా అందజేయడానికి ప్రయత్నించాలి.

గడువులు – బాధ్యతలు

కాగితం అందిన క్షణం నుంచి లెక్కకు వచ్చే గడువులు చట్టాలలో ఎన్నో ఉన్నాయి. 2005 అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం, దరఖాస్తు అందిన 30 రోజుల లోపల సమాధానం ఇవ్వాలి. వ్యక్తి ప్రాణానికి గాని స్వేచ్ఛకు గాని సంబంధించిన సమాచారమైతే 48 గంటలలో ఇవ్వాలి. దరఖాస్తు వేరొక కార్యాలయానికి చెందినదైతే 5 రోజులకు మించకుండా అక్కడికి బదిలీ చేయాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, మొత్తం 25,000 రూపాయలకు మించకుండా జరిమానా పడవచ్చు. రికార్డులను సూచికలతో క్రమబద్ధంగా నిర్వహించడం కూడా ఈ చట్టం విధించిన కర్తవ్యమే.

తపాలు నిర్వహణలోని లోపం ప్రభుత్వానికి కూడా నష్టం కలిగిస్తుంది. ప్రభుత్వంపై దావా వేయదలచినవారు సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులోని 80వ సెక్షన్ నిర్దేశిస్తుంది. న్యాయమైన కోరికను కోర్టు గుమ్మం ఎక్కకుండానే పరిష్కరించుకొనే అవకాశం ప్రభుత్వానికి ఇవ్వడం దీని ఉద్దేశం. ఆ నోటీసు ఎవరూ తెరవని కట్టలో పడి ఉంటే ఆ రెండు నెలలు వృథాగా గడిచిపోతాయి. దావా ఖర్చు చివరకు ప్రజాధనం నుంచే చెల్లించవలసి వస్తుంది.

ఎలక్ట్రానిక్ తపాలు

జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం రూపొందించిన ఈ-ఆఫీస్ విధానం అనేక ప్రభుత్వ కార్యాలయాలలో ప్రవేశించింది. ఇందులో వచ్చిన కాగితాన్ని స్కాన్ చేసి కంప్యూటరులో నమోదు చేస్తారు. సంఖ్యను యంత్రమే ఇస్తుంది. ఫైలు ఎవరి వద్ద ఎన్ని రోజులుగా ఉన్నదో తెర మీద కనిపిస్తుంది. బల్లల కింద కట్టలు పేరుకుపోవడం, ఫైలు కనిపించడం లేదనే మాట తగ్గడానికి ఇది తోడ్పడుతుంది.

అయితే యంత్రం తనకు ఇచ్చినదానినే గుర్తుంచుకొంటుంది. కవరు నాలుగు రోజులు బుట్టలో ఉన్న తరువాత స్కాన్ చేస్తే యంత్రం ఆ నాలుగవనాటి తేదీనే చూపుతుంది. అందువల్ల అందిన తేదీని వేరుగా నమోదు చేయాలి. అర్జీ రెండవ పుట స్కాన్ కాకపోతే అధికారి ఆ పుటను ఎన్నడూ చదవడు. విషయసూచికలో 'అర్జీ' అని మాత్రమే వ్రాస్తే వేల అర్జీల నడుమ దానిని వెదకడం కష్టం. 'రహదారికి భూసేకరణ – ఫలానా గ్రామం – రైతు అభ్యంతరం' అని వ్రాస్తే క్షణంలో దొరుకుతుంది. సాధనం మారినా శ్రద్ధ అవసరం మారలేదు.

ముగింపు

నేటి జూనియర్ కళాశాల విద్యార్థులలో కొందరు రేపు ప్రభుత్వోద్యోగులు అవుతారు. తక్కినవారందరూ ఏదో ఒకనాడు అర్జీదారులు కాక తప్పదు. ఉపకారవేతనం కోసమో, ఆదాయ ధ్రువపత్రం కోసమో ఇప్పటికే కార్యాలయాల మెట్లు ఎక్కినవారూ ఉంటారు. అర్జీ ఇచ్చేవారు దానిపై తేదీ వేసి, పూర్తి చిరునామా వ్రాసి, జతపత్రాల జాబితా ఇచ్చి, ఒక నకలు తమ వద్ద ఉంచుకోవాలి. రసీదు అడిగి తీసుకోవాలి. దానిని అడగడం ఉద్యోగిని అనుమానించడం కాదు, అది పౌరుని హక్కు. అర్జీ పుచ్చుకొనేవారు ఆ కాగితం వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, అతడు జవాబు కోసం ఎదురుచూస్తున్నాడనీ గుర్తుంచుకోవాలి.

అభ్యంతరం విన్న తరువాత ప్రభుత్వం రైతు కోరినట్లే నిర్ణయించవచ్చు, అతనికి వ్యతిరేకంగానూ నిర్ణయించవచ్చు. అది తపాలు గుమాస్తా పరిధిలోని విషయం కాదు. కాని రైతు మాట సకాలంలో వినబడేటట్లు చూడడం మాత్రం అతని చేతిలోనే ఉన్నది. వచ్చిన కాగితంపై వచ్చిననాటి తేదీ, పోయిన కాగితంపై పోయిననాటి తేదీ ఉన్న కార్యాలయంలో తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. తెలిసిన తప్పును సరిదిద్దడానికి వీలు ఉంటుంది. ప్రజలు ప్రభుత్వంపై పెట్టుకొనే నమ్మకానికి ఆ వీలే ఆధారం.